స్టేడియంల పెద్ద తెర ఎవల కోసం వెలుగుతది?

కబడ్డీల కూత అంటే ఏందో మన ఊరి పోరగాళ్లకు చెప్పే పనే లేదు. దమ్ము ఉన్నంతసేపే కూత. దమ్ము తెగితే ఔట్. 2014ల మొదలైన ప్రో కబడ్డీల కూతతోని పాటు ఒక్కో రైడుకు 30 సెకన్ల లెక్క సుత ఉంటది. రెండు రైడ్లు ఖాళీగ పోయినయంటె మూడోది డూ ఆర్ డై. తెర మీద అంకెలు పది, తొమ్మిది, ఎనిమిది అని దిగుతుంటె స్టాండ్ల కూసున్నోడు తనే రైడుకు పోయినట్టు దమ్ము బిగవడ్తడు. మ్యాటు మీద పన్నెండు, పదమూడు మంది నడుమ ఏం జరుగుతుందో పైవరుసల ఉన్నోనికి సుత తెలుస్తది. స్టేడియంల తెర పెట్టుడు ఎందుకంటె అసలు గిందుకే. చూసేటోన్ని ఆటల కలుపుకునేటందుకు.

కానీ ఇప్పుడు గా తెరలు వేరే పనులు మస్తు చేస్తున్నయి. గవ్వి అర్థం చేసుకోవాలె. ఎందుకంటె టికెట్ పైసలు మనయే, లొల్లి మనదే, ఆఖరికి ఫోన్ నంబరు సుత మనదే.

జర ముందుగాలకు పోదాం. 1980ల అమెరికాల లాస్ ఏంజెలెస్ డాడ్జర్ స్టేడియంల మిత్సుబిషి కంపెనీ పెద్ద రంగుల వీడియో తెర పెట్టింది. అది బేస్‌బాల్ మైదానం. క్రికెట్ల మెల్‌బోర్న్ మైదానానికి 1982ల వచ్చింది. అప్పటిదాంక స్కోరు బోర్డంటె లోపల మనుషులు కూసోని అంకెల పలకలు మార్చుడే. గా పాత తెరలల్ల టీవీ ట్యూబుల తీరు దీపాలు ఉండేటివి. కరెంటు బాగ గుంజేటివి. ఎల్ఈడీతోని రంగుల తెర చెయ్యాల్నంటె ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కావాలె. మొదటి రెండు ఎప్పటినుంచో ఉన్నయి, బాగ వెలిగే నీలమే దొరకలె. 1990 దశకం మొదట్ల జపాన్ సైంటిస్టులు అకసాకి, అమానో, నకమురా దాన్ని సాధించిర్రు. అందుకే 2014ల ఫిజిక్స్ నోబెల్ వాళ్లకు వచ్చింది. ఇయ్యాల ఉప్పల్ స్టేడియంల బౌండరీ పొంటి ఉరికే బోర్డులు గానీ, మన జాతరల కిరాయికి తెచ్చే ఎల్ఈడీ వాల్ గానీ, అన్నిటికీ మూలం గా నీలం దీపమే.

గీ తెర అంటే ఒక్క పెద్ద అద్దం కాదు. చిన్న చిన్న పెట్టెలు గోడ కట్టినట్టు పేర్చుతరు. ఒక పెట్టె పోతే దాన్నొక్కదాన్నే మారుస్తరు. తెర కిరాయికి ఇచ్చేటోళ్లు పీ4, పీ5, పీ10 అంటుంటరు గదా, అది చుక్కకు చుక్కకు నడుమ ఉన్న దూరం, మిల్లీమీటర్లల్ల. మోటు లెక్క ఏందంటె ఎన్ని మిల్లీమీటర్లో కనీసం అన్ని మీటర్ల దూరం ఉంటె బొమ్మ సాఫుగ కనవడ్తది. స్టేడియంల దూరం నుంచే చూస్తరు గనుక పీ10 అయినా నడుస్తది. పెండ్లి ఫంక్షన్ హాల్ల అదే పెడితే పెండ్లిపిల్ల మొఖం చుక్కలు చుక్కలే. ఇంకోటి. తెరను ఫోన్‌తోని వీడియో తీస్తె నల్ల గీతలు వస్తయి. తెర ఖరాబ్ కాలె. ఎల్ఈడీలు మన కంటికి అందనంత జల్ది ఆరుకుంట వెలుగుతుంటయి. గా వేగానికి, ఫోన్ కెమెరా వేగానికి లెక్క కలువకపోతే గీతలు పడ్తయి.

తెర గొప్పతనం నాకు కనవడేది రీప్లే కాడ. 1992 నవంబర్ల డర్బన్ టెస్టుల సచిన్‌ను టీవీ చూసి రనౌట్ ఇచ్చిర్రు. థర్డ్ అంపైర్ ఇచ్చిన మొదటి ఔట్ అదే. ఇప్పుడు డీఆర్ఎస్ల బంతి ఏడ పడ్డది, ఏడ తాకింది, వికెట్లకు తాకుతదా అని ఒక్కొక్క మెట్టు తెర మీద వస్తుంటె మైదానమంత ఒక్కసారి ఊపిరి ఆపుతది. టెన్నిస్ల 2006 యూఎస్ ఓపెన్ కాడ ఛాలెంజ్ పద్ధతి వచ్చినంక సుత గంతే ఉండె. బంతి బొమ్మ గీత దిక్కు వచ్చేదాంక జనం తాళం వేసినట్టు సప్పట్లు కొట్టేటోళ్లు. ఎవ్వలు చెప్పి కొట్టిచ్చింది కాదు. అంపైర్ చూసేదే ఆఖరి వరుసల కూసున్న కూలోని కొడుకు సుత చూస్తడు, అదే గడియల. గీ సమానత్వం నాకు ఇష్టం.

ఇగ రెండో కథ. అమెరికాల డాలస్ కాడ 2009ల కొత్త ఫుట్‌బాల్ స్టేడియం కట్టి, మైదానం నడిమిట్ల పైన దగ్గర దగ్గర 160 అడుగుల పొడుగు తెర యాలాడగట్టిర్రు. మొదటి మ్యాచ్‌లల్లనే ఒక ఆటగాడు పైకి తన్నిన బంతి పోయి తెరకు తాకింది. తెరను పైకి జరుపలె. బంతి తాకితే మళ్ల ఆడుర్రని రూలు పెట్టిర్రు. నవ్వొస్తది గని, ఆటకూ తెరకూ కొట్లాట వస్తె ఎవలు జరుగుతరో అర్థమైతది.

2014ల అమెరికా సూపర్ బౌల్ల ఇంకో చిత్రం చేసిర్రు. వచ్చినోళ్లకు లైట్లున్న టోపీలు పంచి, దూరం నుంచి సైగలిచ్చి వాటిని వెలిగిచ్చిర్రు, ఆర్పిర్రు. జనమే తెర, ఒక్కో మనిషి ఒక్కో చుక్క. టీవీల మస్తు అందంగ ఉంటది. చుక్క అయినోనికి మాత్రం తన నెత్తి మీద ఏ రంగు వెలుగుతుందో తెల్వది.

మన మ్యాచ్‌లల్ల ఓవర్ నడుమ తెర మీద 'గట్టిగ ఒర్లుర్రి' అని వస్తది, పక్కన ఒక ముల్లు పైకి లేస్తది. అన్నిచోట్ల అది నిజంగ సప్పుడు కొలుస్తదని అనుకోకుర్రి. కొన్నికాడ ముందే తయారు చేసి పెట్టిన బొమ్మనే. తర్వాత క్యూఆర్ కోడ్ వస్తది: స్కాన్ చెయ్యి, ఓటెయ్యి, బహుమతి గెలువు. ఒక మ్యాచ్ల నా పక్కన కూసున్న ఇంటర్ పిల్లగాడు స్కాన్ చేసిండు. పేరు, నంబరు, పుట్టిన తేది అడిగింది. ఓటు వెయ్యనీకి పుట్టిన తేది ఎందుకురా అంటె, "ఏమో అన్నా, అడిగింది, ఇచ్చిన" అన్నడు. గా ఓటుతోని ఆటల ఒక్క పరుగు మారదు. గని ఒక కంపెనీ కాడ ఒక పేరు పెరుగుతది. 18 ఏండ్లు నిండనోళ్ల వివరాలు తీసుకోవాల్నంటె తల్లిదండ్రులు ఒప్పుకోవాలె, పిల్లలకు గురి పెట్టి ప్రకటనలు చూపొద్దు అని 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంల ఉన్నది. ఒకసారి ఒప్పుకున్నా, ఒప్పుకున్నంత అల్కగ వాపస్ తీసుకోవచ్చని సుత ఉన్నది. చట్టం అమలు మాత్రం ఒక్కసారి గాకుంట విడతలు విడతలుగ పెట్టిర్రు. అందాక మన వేలే మన చట్టం: స్కాన్ చేసే ముందు ఆగాలె.

కెమెరా సంగతి సుత గంతే. 2025 జులైల అమెరికాల ఒక స్టేడియంల పాటల కచేరీ నడుస్తుంటె కెమెరా ఒక జంట మీద ఆగింది. ఇద్దరు దాసుకున్నరు. గా ముక్క దునియా అంత తిరిగింది. వాళ్లది తప్పా ఒప్పా అన్నది నాకు పని లేదు. టికెట్ కొన్నంత మాత్రాన మొఖం సుత అమ్ముకున్నట్టేనా అన్నదే నా సవాలు. మన ఆడపిల్లలు మ్యాచ్‌కు పోయొస్తె, తెర మీద కనవడ్డ రెండు సెకన్లు తెల్లారేసరికి రీల్స్‌ల ఎక్కి, కింద ఎసొంటి రాతలు రాస్తున్నరో మీరు రోజూ చూస్తున్నరు.

బోర్డుల మీద వచ్చే ప్రకటనలైతే చెప్పొద్దు. తెలంగాణల పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2017లనే బంద్ పెట్టిర్రు. 2020ల ఐపీఎల్ పేరు ముందట డ్రీమ్11 పేరే ఉండె. ఈడ ఆడొద్దు, గని చూడొచ్చు! 2025 ఆగస్టుల కేంద్రం చట్టం తెచ్చేదాంక గట్లనే నడిచింది.

నన్ను అన్నిటికంటె ఎక్కువ సలిపేది వేరే ఉన్నది. 2025 జూన్ 3న ఆర్‌సీబీ మొదటిసారి ఐపీఎల్ గెలిచింది. తెల్లారి బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటల 11 మంది పాణాలు పోయినయి. ఎక్కువ మంది పడుసు పిల్లలే. స్టేడియంల పట్టేది 35 వేల దగ్గర, వచ్చింది లక్షలల్ల. ఫ్రీగ పోవచ్చునా, పాసు ఉండాల్నా అని గందరగోళం. గేట్ల కాడ ఊపిరాడక పోరగాళ్లు పడిపోయిర్రు. లోపల సంబరం నడిచింది. మన సికింద్రాబాద్ జింఖానా మైదానంల 2022 సెప్టెంబర్ల ఇండియా, ఆస్ట్రేలియా మ్యాచ్ టికెట్ల కోసం తొక్కులాట అయ్యి మందికి దెబ్బలు తాకినయి. గది సుత మర్సిపోవద్దు.

లోపల కూసున్నోడు ఎప్పుడు ఒర్లాల్నో సెకను సెకనుకు చెప్పే తెలివి ఉన్నప్పుడు, బయట నిలవడ్డోనికి ఏ గేటు నిండింది, ఏది మూసిర్రు, ఎటు మర్లాలె అని చెప్పుడు కష్టం కాదు. సెల్ఫీలు, ఓట్లు తీసుకునే యంత్రమే ఒక మనిషి సొమ్మసిల్లితే ఏ బ్లాకుల ఉన్నడో తీసుకోవచ్చు. నీళ్లు ఏడ, డాక్టర్ ఏడ, తప్పిపోయిన పిల్లగాడు ఏడ, గివి తెలుగుల, పెద్ద అక్షరాలల్ల రావాలె. అభిమానులను కలుపుకుంటమని చెప్పుకునేటోళ్లు ముందుగాల గిది చెయ్యాలె. స్టేడియం నడిపేటోళ్లను, పోలీసోళ్లను మనమే అడగాలె.

ఊర్ల టోర్నమెంట్లు పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు సుత ఇప్పుడు ఎల్ఈడీ వాల్ తెస్తున్నరు, మంచిదే. కిరాయి మాట్లాడేటప్పుడు పీ నంబరు అడుగుర్రి. వాన తట్టుకునేదేనా, జెనరేటర్ ఎవలిది అని అడుగుర్రి. వైర్లు జనం నడిచే తొవ్వ మీదికెల్లి గుంజకుర్రి. ఫైనల్ నాడు మాత్రం ఇంకో చిన్న తెర తెచ్చి గేటు బయట పెట్టుర్రి. లోపల జాగ ఉన్నదో లేదో దాని మీద రావాలె. ఆట సుత దాని మీదనే కనవడితే లోపలికి రానోళ్లు ఆన్నే నిలవడి చూస్తరు, గేటు మీద పడరు.