గుండె అలసిన ఇల్లాలి దినచర్య

‘హార్ట్ ఫెయిల్యూర్’ అనగానే గుండె ఆగిపోయిందని పలువురు భయపడతారు. నిజానికి శరీరానికి కావలసినంత రక్తాన్ని అందించే శక్తి గుండెకు తగ్గడమే ఈ వ్యాధి. అప్పుడు పాదాల్లో, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, ఆయాసం కలుగుతుంది. దీర్ఘకాలపు రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం దీనికి దారితీస్తాయి. కొందరు స్త్రీలకు నిండు నెలల్లోనో, కాన్పు తరువాతి 5 నెలల్లోనో కూడా వస్తుంది. ఇంటి చాకిరీ వల్ల కలిగిన అలసటేనని ఉపేక్షించడమే పెద్ద ప్రమాదం.

మొదటి అలవాటు బరువు చూసుకోవడం. ఫజ్ర్ నమాజు తరువాత, కాలకృత్యాలు తీర్చుకొని, ఏమీ తినకముందే ప్రతిదినం బరువు చూసి రాసిపెట్టుకోవాలి. 3 రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే అది నీరు చేరడం కావచ్చు. వెంటనే వైద్యునికి తెలపాలి. పడుకుంటే ఊపిరాడక దిండ్లు ఎత్తు పెంచుకోవలసి వచ్చినా, రుకూలో వంగినప్పుడు ఆయాసం వచ్చినా అంతే. నిలబడలేనివారు కూర్చొని నమాజు చేయడానికి షరీఅత్ అనుమతించింది.

రెండవది ఉప్పు. ఆరోగ్యవంతులకే రోజుకు 5 గ్రాముల లోపు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలు తగ్గించాలి. ఆమె కోసం వేరే వంట కాక, అందరి కూరలోనూ ఉప్పు తగ్గించడం మేలు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కొన్ని గుండె మందులతో అది హాని చేయవచ్చు.

మూడవది మందులు. దారిలో మరుగుదొడ్డి దొరకదని పెళ్లికో, ప్రయాణానికో వెళ్లేనాడు నీరు తీసే మాత్ర మానేసే స్త్రీలున్నారు. మానవద్దు, వేళ మార్చుకోవచ్చునేమో వైద్యుణ్ణి అడగాలి. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు సొంతంగా వాడరాదు. అవి ఒంట్లో ఉప్పునీటిని నిలుపుతాయి. వైద్యుడు చెప్పిన మేరకు నడక మాత్రం మానకూడదు.

ఇక రమజాన్. నెల రాకముందే వైద్యుణ్ణి సంప్రదించాలి. వ్యాధిగ్రస్తులకు అల్ బఖరా సూరా 184, 185 ఆయతుల్లో సడలింపు ఉంది. వైద్యుడు వద్దన్నాక ఉపవాసాలు వదలడం ఈమాన్ లోపం కాదు. అయినా ఇంటిల్లిపాదీ రోజా ఉంటే తానొక్కతే తినడానికి ఆమె సిగ్గుపడుతుంది. వేళకు పళ్లెం, మాత్ర ఆమె ముందుంచి ఆ సిగ్గును పోగొట్టవలసింది ఆమె భర్త, బిడ్డలు, కోడళ్లే.