ఖైదీ కష్టానికీ కూలి వుంది

కఠిన శిక్ష పడినవాడు జైల్లో వూరికే కూర్చోడు. మగ్గం నేస్తాడు, బల్లలు చేస్తాడు, కూరగాయల మడులకు నీరు కడతాడు. ఆ పనికి కూలి ఇవ్వాలా? "తప్పు చేసి లోపలికి పోయినవాడికి తిండి పెట్టడమే ఎక్కువ, పైగా కూలి కూడానా!" అనే మాట రచ్చబండ దగ్గర తరచు వినిపించేదే. కోర్టులు మాత్రం అలా అనలేదు.

విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీల కేసులో 1974లోనే సుప్రీంకోర్టు, శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని చెప్పింది. సరైన ప్రతిఫలం లేకుండా ఖైదీచేత పని చేయిస్తే అది వెట్టిచాకిరీయేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా 1980లలో అన్నది. వెట్టి అంటే ఏమిటో మన పల్లెలకు వేరే చెప్పనక్కరలేదు.

గుజరాత్ కేసులో 1998లో సుప్రీంకోర్టు లెక్క తేల్చింది. కఠిన శిక్ష పడినవాడిచేత పని చేయించవచ్చు, కాని న్యాయమైన కూలి ఇవ్వాలి. అందులోంచి తిండికీ బట్టకూ అయిన ఖర్చు ప్రభుత్వం మినహాయించుకోవచ్చు. నేరం వల్ల నష్టపోయినవారికి కొంత భాగం దక్కేలా చట్టం తేవాలని కూడా సూచించింది. హతుడి భార్యాబిడ్డలను గుర్తుపెట్టుకున్న మాట అది.

విచారణలో వున్నవాడి సంగతి వేరు. అతనికి ఇంకా శిక్షే పడలేదు కనుక కఠిన శ్రమ చేయమనే హక్కు ఎవరికీ లేదు.

శిక్ష పడ్డవాడికి అప్పీలు కోసం తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలని 1978లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్లీడరును పెట్టుకునే స్తోమత లేకపోతే ఆ సహాయమూ అడగవచ్చు. ములాఖత్‌కు వెళ్ళే ఇంటివాళ్ళు కూలి లెక్కతోపాటు ఆ నకలు చేతికందిందా అని కూడా అడగాలి.