ముక్కలైన పాత కారు మళ్ళీ అదే కారు అవుతుందా?

తాతగారి ఎడ్లబండికి ఒక ఏడు చక్రాలు, మరొక ఏడు ఇరుసు, ఆపైన కాడి మార్చినా ఊరివారు దానిని తాతగారి బండి అనే అంటారు. ప్రమాదంలో నుజ్జయి, భాగాలు విడదీసి అమ్మివేసిన అపురూపమైన పాత మోటారు కారును తిరిగి నిలబెట్టగలమా అన్నప్పుడు కూడా ఈ చిక్కే ఎదురవుతుంది. ముందు లోహం సంగతి చూద్దాం.

వంగిన ఉక్కు చట్రాన్ని జాకీలతో లాగి సరిచేయవచ్చును. చెడిన చోట కోసి కొత్త ముక్కను వెల్డింగు చేయవచ్చును. పోత ఇనుముతో చేసిన ఇంజను దిమ్మె అంత సులభంగా లొంగదు. అందులో గ్రాఫైటు సన్నని రేకులుగా చెదిరి ఉండుటచేత అది పెళుసుగా ఉంటుంది. పగిలిన చోటనే వేడిచేసి అతుకు వేస్తే, చల్లారేటప్పుడు పక్కనే మరొక పగులు పుట్టవచ్చు. అందుచేత దిమ్మెనంతా ముందుగా కాచి, అతుకు వేసి, మెల్లగా చల్లారనివ్వవలెను.

దొరకని భాగాన్ని కొత్తగా పోత పోయించవచ్చును. మరొక కారులోని అటువంటి భాగాన్నే నమూనాగా పెట్టి అచ్చు తీస్తే మాత్రం మోసపోతాము. గట్టిపడిన ఇనుము చల్లారేసరికి పొడవులో సుమారు నూటికి ఒక వంతు కుంచించుకుంటుంది. 300 మిల్లీమీటర్ల భాగం 3 మిల్లీమీటర్లు పొట్టిదై, బోల్టుల రంధ్రాలు కలియవు. కనుక నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేయవలెను. డబ్బు, ఓపిక ఉంటే ఈ విధంగా తయారుకాని భాగం దాదాపు లేదు.

మరి భాగాలన్నీ మారిన తరువాత అది ఏ కారు? ఈ ప్రశ్న 1990లో లండను హైకోర్టుకు వచ్చినది. ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందేన్ని 1929, 1930లలో గెలిచిన 'ఓల్డ్ నంబర్ వన్' అనే బెంట్లీ కారు కోటి పౌండ్లకు బేరమైనది. అది అసలు కారు కాదంటూ కొనువారు వెనుదీసినారు. పందేల నాడే దాని ముఖ్యభాగాలు మారినవి. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో 8 లీటర్ల ఇంజనుతో పరుగెత్తుతూ అది ప్రమాదానికి గురికాగా, నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ మరణించినాడు. తరువాత దానికి కొత్త బాడీ కట్టినారు. 1929 నాటి భాగాలు దాదాపు ఏవీ మిగలలేదని న్యాయమూర్తి ఆటన్ ఒప్పుకున్నారు. అయినా ఆ కారు ఏ దశలోనూ అంతరించిపోలేదనీ, ఆ పేరుకు హక్కు గల కారు మరొకటి లేదనీ చెప్పి, అది నిజమైనదే అని తీర్పు ఇచ్చినారు.

విడదీసి అమ్మిన కారుకు లోపించేది ఈ ఎడతెగని చరిత్రయే. చట్రం ఒకరికి, ఇంజను మరొకరికి చేరితే ఇద్దరూ చెరొక కారు కట్టి, ఒకే పేరు చెప్పుకోగలరు. అప్పుడు చట్రంపై చెక్కిన సంఖ్యకూ, పాత రశీదులకూ, ఫొటోలకూ లోహాన్ని మించిన విలువ వస్తుంది.

కొందరు ఈ తగవు జోలికే పోరు. ఇటలీ, స్విట్జర్లండుల నడుమ గల మజోరె సరస్సులో దశాబ్దాల పాటు మునిగి ఉన్న ఒక బుగాట్టి కారును 2009లో పైకి తీసినారు. 2010లో వేలంలో కొన్నవారు దానికి కొత్త భాగాలు వేయించలేదు. తుప్పుతో, చిల్లులతో అది ఎట్లా బయటపడినదో అట్లాగే కాలిఫోర్నియాలోని ఒక మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినారు.