పరుగు ఆపితే కండ కొవ్వయిపోతుందా?

ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ పడింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ అయింది. ఈవెంట్స్, అంటే పరుగులాంటి దేహదారుఢ్య పరీక్షలు మాత్రం 2024 డిసెంబరు 30న గాని మొదలవలేదు. ఎలమంచిలి కుర్రాడైనా, ఏ ఊరివాడైనా దాదాపు రెండేళ్లు ప్రాక్టీసు వదలకుండా ఉండటం ఎవరి తరం? కొన్నాళ్లు మానేసి మళ్లీ గ్రౌండ్‌లోకి దిగితే, 8 నిమిషాల్లో పూర్తికావాల్సిన 1600 మీటర్లలో రెండో రౌండుకే చేతులు నడుం మీదికి వస్తాయి. ఇక తలో మాట.

అందరూ అనే మాట, పరుగు మానేస్తే కండంతా కొవ్వయిపోతుందని. అవదు. కండ కణం వేరు, కొవ్వు కణం వేరు. పరుగు ఆగినా కంచంలో అన్నం తగ్గదు, అదీ అసలు సంగతి. పైగా రెండు వారాలు ఖాళీగా ఉంటే, రక్తంలోని కొవ్వును లోపలికి లాక్కునే లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైము కండలో తగ్గి కొవ్వు కణజాలంలో పెరుగుతుంది. కండ వాడుకోవాల్సిన కొవ్వు నిల్వకు పోతుంది.

'మూడు నెలలు మానేస్తే మొదటికొచ్చినట్టే' అన్నది రెండో అపోహ. ఇందులో సగం నిజముంది. అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్ బృందం ఏళ్ల తరబడి సాధన చేసిన ఏడుగురి చేత 84 రోజులు వ్యాయామం మాన్పించి, 1984లో ఫలితాలు ప్రకటించింది. మూడు వారాల్లోపే శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ సామర్థ్యం 7 శాతం పడిపోయింది. తొలి దెబ్బ కండది కాదు, రక్తానిది: ప్లాస్మా తగ్గి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తం తగ్గుతుంది. ఆ వెనకే కండలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఎంజైములు 56 రోజులకు 40 శాతం దాకా తగ్గాయి. దాంతో అదే వేగానికి కండ కొవ్వును తక్కువగా, చక్కెరను ఎక్కువగా మండిస్తుంది. లాక్టేట్ పెరుగుతుంది, ఆయాసం ముందే వస్తుంది.

అయితే ఆ తర్వాత పతనం ఆగింది. వాళ్ల ఎంజైములు ఎన్నడూ సాధన చేయనివారికంటే 50 శాతం ఎక్కువగానే మిగిలాయి. కండలోని సన్నని రక్తనాళాలు దాదాపు చెక్కుచెదరలేదు. ఇది చూసి మురిసిపోకూడదు. అది ఏళ్ల నాటి పొదుపు. నోటిఫికేషన్ చూశాక రెండు నెలలు పరిగెత్తినవాడికి అంత నిల్వ ఉండదు, వచ్చిందంతా వచ్చినట్టే పోవచ్చు.

మళ్లీ మొదలెట్టిన మర్నాడు తొడలు పట్టేస్తే లాక్టిక్ యాసిడ్ చేరిందంటారు. అది గంట, గంటన్నరలోనే సర్దుకుంటుంది. మర్నాటి నొప్పి కండ తంతువుల్లోని సూక్ష్మమైన గాయాలది.

చదువుకు టైము చాలక ప్రాక్టీసు తగ్గించేవారికి ఒక మాట. వ్యాయామ పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ ప్రయోగాల్లో వారానికి ఆరు రోజుల సాధనను రెండు రోజులకు కుదించినా 15 వారాల పాటు ఆక్సిజన్ సామర్థ్యం నిలిచింది. తీవ్రత తగ్గించినప్పుడు మాత్రం నిలవలేదు. కాబట్టి రోజులు తగ్గించండి, వేగం తగ్గించకండి.