మధ్యలో ఆగితే ఏంట్రా?

పోయిన మే నెలలో ఇంట్లోవాళ్లతో కశ్మీర్ వెళ్లాం. గుల్మార్గ్‌లో గొండోలా ఎక్కడానికి క్యూలో నిలబడి ఉంటే, అమ్మ పైకి చూసి అడిగింది: "ఒరేయ్, ఇది మధ్యలో ఆగితే ఏంట్రా?"

నేను మెకానికల్ మూడో ఏడు. మెషీన్ డిజైన్‌లో మార్కులు కూడా బాగానే వచ్చాయి. అయినా నా నోటి నుంచి వచ్చింది "ఏం కాదులే అమ్మా" అన్న ఒక్క ముక్క. క్యాబిన్ కదలగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. కింద పైన్ చెట్లు, ఎదురుగా మంచు కొండలు. తను ఏదీ చూడలేదు. సరైన జవాబు చెప్పి ఉంటే చూసేదేమో అనిపించింది. ఇంటికొచ్చాక కూర్చుని చదివాను. ఆ రోజు అమ్మకి చెప్పాల్సిన జవాబు ఇది.

గిలక బావి లెక్క

గుల్మార్గ్ గొండోలా రెండు అంచెల్లో ఉంటుంది. మొదటిది గుల్మార్గ్ నుంచి కొంగ్‌డూరి దాకా, 1998లో మొదలైంది. రెండోది అక్కడి నుంచి అఫర్వత్ కొండ మీదికి, 2005లో వచ్చింది. పై స్టేషన్ ఎత్తు 3,900 మీటర్లు దాటుతుంది. చలికాలంలో స్కీయింగ్ చేసేవాళ్లు ఎక్కుతారు, మిగతా నెలల్లో మనలాంటి చూడ్డానికి వచ్చినవాళ్లు.

కొన్ని పాత గిలక బావుల్లో ఒకే తాడుకి రెండు చివర్లా రెండు బొక్కెనలు కట్టి ఉంటాయి. ఒకటి పైకొస్తుంటే రెండోది కిందికి దిగుతుంది. ఖాళీ బొక్కెనల బరువు ఒకదానికొకటి సరిపోతుంది కాబట్టి మనం లాగాల్సింది నీళ్ల బరువే. గొండోలా కూడా అంతే. కింది స్టేషన్‌లో ఒక పెద్ద చక్రం, పై స్టేషన్‌లో ఒకటి. వాటిని బుల్‌వీల్ అంటారు. రెండింటి చుట్టూ కొసలు లేని ఒక ఉక్కు తాడు తిరుగుతూ ఉంటుంది.

కొసలు లేకుండా ఎలా? ముడి వేస్తే చక్రాల మీద నుంచి పోదు. అందుకే రెండు కొసలనీ విప్పి, పేటలని ఒకదానిలోకి ఒకటి పేనుతారు. అలా పేనిన భాగం పొడవు తాడు మందానికి దాదాపు 1,200 రెట్లు ఉంటుంది. 40 మిల్లీమీటర్ల తాడైతే సుమారు 48 మీటర్లు! అంత పొడవునా ఉండే రాపిడే రెండు కొసలనీ విడిపోకుండా పట్టుకుంటుంది.

ఇంకో సంగతి. ఉక్కు వేడికి సాగుతుంది. మొత్తం చుట్టు 4 కిలోమీటర్ల తాడు అనుకుందాం. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు మారితే పొడవులో తేడా దాదాపు 1.4 మీటర్లు. జనవరిలో బిగువుగా ఉన్న తాడు జూన్‌లో వదులైపోతే ఎలా? అందుకే ఒక బుల్‌వీల్‌ని ముందుకీ వెనక్కీ జరిగే బండి మీద పెట్టి, హైడ్రాలిక్ సిలిండర్‌తోనో వేలాడే బరువుతోనో లాగి ఉంచుతారు. తాడు ఎంత సాగితే బండి అందులో సగం వెనక్కి జరుగుతుంది. బిగువు మాత్రం ఏడాదంతా ఒకేలా ఉంటుంది.

అరటి గెలల నుంచి కుర్చీ దాకా

చెయిర్‌లిఫ్ట్ పుట్టిన కథ మా బ్రాంచ్ వాళ్లకి బాగా నచ్చుతుంది. 1936లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ అనే స్కీ రిసార్ట్ కడుతున్నారు. కట్టించేది యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ. జనాన్ని కొండెక్కించడం ఎలా అని ఆలోచిస్తుంటే, జేమ్స్ కరన్ అనే ఇంజనీరుకి అంతకుముందు తను చేసిన పని గుర్తొచ్చింది: తిరిగే తాడుకి కొక్కేలు తగిలించి అరటి గెలలని ఓడల్లోకి ఎక్కించే ఏర్పాటు. కొక్కెం తీసి కుర్చీ పెట్టాడు. కాళ్లకి స్కీలున్న మనిషి కదులుతున్న కుర్చీలో కూర్చోగలడా అని ఒమాహా ఊళ్లో ట్రక్కు పక్కన కుర్చీ వేలాడదీసి పరీక్షించారు. అక్కడ మంచు లేదు కాబట్టి రోలర్ స్కేట్లు కూడా వాడారు. మన ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో కనిపించే జుగాడ్‌కి ఇదేం తీసిపోదు.

అప్పటి కుర్చీలు తాడుకి శాశ్వతంగా బిగించి ఉండేవి. కుర్చీ ఆగదు, మనమే ఎక్కాలి. అందుకని సెకనుకి రెండు, రెండున్నర మీటర్లు మించి నడపలేరు. ఇప్పటి గొండోలాల్లో క్యాబిన్ స్టేషన్లోకి రాగానే దాని పట్టు తెరుచుకుని తాడుని వదిలేస్తుంది. రబ్బరు టైర్ల వరుస క్యాబిన్‌ని మనిషి నడక కంటే నెమ్మదిగా జరుపుతుంది. మనం ఎక్కాక మళ్లీ వేగం పెంచి తాడుకి అప్పగిస్తుంది. బయట వేగం సెకనుకి 5, 6 మీటర్లు. తాడుని పట్టుకునేది బలమైన స్ప్రింగులు. పట్టు సరిగ్గా పడిందో లేదో స్టేషన్ దాటేలోపే సెన్సర్లు చూస్తాయి. తేడా ఉంటే లైన్ మొత్తం ఆగుతుంది.

చలికాలం ఒక లెక్క, ఎండాకాలం ఒక లెక్క

చలికాలంలో అందరూ లిఫ్ట్‌లో పైకెళ్లి, స్కీల మీద జారుకుంటూ దిగుతారు. అంటే పైకెళ్లే క్యాబిన్లు నిండుగా, దిగేవి ఖాళీగా. గంటకి 1,000 మందిని, మనిషికి 70 కిలోల చొప్పున, 400 మీటర్ల ఎత్తుకి చేర్చాలంటే రాపిడి కాక సుమారు 76 కిలోవాట్లు కావాలి. ఎండాకాలంలో వెళ్లినవాళ్లే తిరిగి అందులో దిగుతారు. మధ్యాహ్నం పైకెళ్లే బరువు, దిగే బరువు దాదాపు సమానమైతే మోటారుకి మిగిలేది రాపిడి పని మాత్రమే. సాయంత్రం అందరూ దిగేటప్పుడు బరువే లైన్‌ని లాగుతుంది. అప్పుడు మోటారు పని లాగడం కాదు, పట్టి ఆపడం.

అందుకే ఏడాదంతా నడిపే లిఫ్ట్‌ని రెండు వైపులా నిండిన బరువుకి డిజైన్ చేయాలి. కెనడాలోని విస్లర్‌లో 2008లో తెరిచిన పీక్ టు పీక్ గొండోలా రెండు కొండల మధ్య 4.4 కిలోమీటర్లు సాగుతుంది. అందులో 3 కిలోమీటర్లకి పైగా మధ్యలో ఒక్క స్తంభమూ లేదు. చలికాలంలో అది స్కీయర్లది, ఎండాకాలంలో కెమెరాలదీ నడక బూట్లదీ.

ఇంతకీ, ఆగితే?

ఇక అమ్మ ప్రశ్న. లిఫ్ట్ ఆగడానికి కారణాలు చాలా: ఎవరో ఎక్కుతూ జారారు, గాలి వేగం హద్దు దాటింది, తాడు చక్రాల వరుస మీద కొంచెం పక్కకి జరిగింది, కరెంటు పోయింది. బ్రేకులు స్ప్రింగుల బలంతో పడతాయి. వాటిని తెరిచి పట్టుకోవడానికే హైడ్రాలిక్ పీడనం కావాలి. అది పోతే బ్రేకు వాటంతట అదే పడుతుంది. ఆ తర్వాత విడిగా ఉన్న డీజిల్ ఇంజన్‌తో నెమ్మదిగా అందరినీ స్టేషన్‌కి చేరుస్తారు. అదీ కుదరకపోతే తాళ్లతో దించుతారు.

అంటే ఆగడం చాలాసార్లు యంత్రం పాడైన గుర్తు కాదు, పని చేస్తున్న గుర్తు. ఆగకపోతేనే భయపడాలి.

2021 మే 23న ఇటలీలోని మొట్టరోనే కొండ మీద రోప్‌వేలో లాగే తాడు తెగింది. అది వేరే రకం. క్యాబిన్ ఒక తాడు మీద దొర్లుతుంది, ఇంకో తాడు లాగుతుంది. లాగే తాడు తెగితే ఎమర్జెన్సీ బ్రేకు మొదటి తాడుని పట్టుకోవాలి. కానీ ఆ బ్రేకు మాటిమాటికీ పడి సర్వీసు ఆగిపోతోందని, అది పడకుండా క్లాంపులు పెట్టి ఉంచారు. క్యాబిన్ వెనక్కి దూసుకుపోయి పడిపోయింది. 14 మంది చనిపోయారు. ఒక్క పిల్లవాడు బతికాడు.

గుల్మార్గ్‌లోనూ 2017 జూన్‌లో ఈదురుగాలికి చెట్టు కూలి గొండోలా లైన్ మీద పడి ఏడుగురు చనిపోయారు. ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ నుంచి ఔలీ స్కీ వాలులకి వెళ్లే రోప్‌వేని, ఊరి నేల కుంగడంతో 2023 జనవరిలో ఆపేశారు. యంత్రం ఎంత బాగున్నా గాలి, చెట్టు, నేల కూడా లెక్కలోకి రావాలి. ఇవి చూసి "ఈ రోజు నడపం" అని చెప్పగలిగే మనిషి కూడా అక్కడ ఉండాలి. రేపు ఆ కుర్చీలో మనలో ఎవరైనా కూర్చోవచ్చు. బయట క్యూ గోల చేస్తుంటుంది. పైవాళ్ల నుంచి ఫోన్లు వస్తుంటాయి. అలారం ఆఫ్ చేసే స్విచ్ చేతికందే దూరంలోనే ఉంటుంది.

ఎక్కేవాళ్లకి నాలుగు మాటలు

పైకి వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. మే నెలైనా జాకెట్ మర్చిపోవద్దు. అఫర్వత్ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతం పైచిలుకే. దిగగానే సెల్ఫీల కోసం పరుగెత్తితే ఆయాసం తప్పదు. ఉరుములొచ్చినా గాలి పెరిగినా లిఫ్ట్ ఆపేస్తారు, కాబట్టి పొద్దున్నే వెళ్లడం మంచిది. చెయిర్‌లిఫ్ట్ అయితే కూర్చోగానే అడ్డకడ్డీ దించండి. బ్యాగు వీపుకి కాకుండా ఒళ్లో పెట్టుకోండి. మధ్యలో ఆగితే ఊపకండి, తలుపుతో ఆడకండి.

ఇదంతా మొన్న సెలవుల్లో అమ్మకి చెప్పాను. బావి గిలక దగ్గరే ఆవిడకి సగం అర్థమైపోయింది. మొత్తం విని ఒకటే అంది: "ఈ మాట అక్కడే చెప్పి ఉంటే కళ్లు తెరిచేదాన్ని కదరా."