ఆయ్… చెప్పండి!

మా మామయ్యది అమలాపురం దగ్గర ఊరు. ఫోన్లో అవతలివాళ్లు మాట్లాడుతుంటే ఊరికే వినడం ఆయనకి చేతకాదు. రెండు మాటలకొక "ఆయ్", నాలుగు మాటలకొక "మరేనండి" పడాల్సిందే. పోయినేడు ఏదో కంపెనీకి ఫిర్యాదు చేద్దామని ఫోన్ చేస్తే మనిషికి బదులు యంత్రం ఎత్తింది. ఆడగొంతు. మంచి తెలుగు, ఎక్కడా తడబాటు లేదు. "నమస్కారం. మీ ఫిర్యాదు నమోదు చేయడానికి ముందుగా…" అందో లేదో మామయ్య అలవాటుగా "ఆయ్" అన్నాడు. గొంతు టక్కున ఆగిపోయింది. "క్షమించండి, మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు."

"నేనేం చెప్పలేదమ్మా, మీరే చెప్తన్నారు. చెప్పండి."

మళ్లీ క్షమాపణ. మళ్లీ మొదటినుంచీ నమస్కారం. మళ్లీ "ఆయ్". నాలుగోసారికి ఫోన్ నా చేతిలో పెట్టేసి, "ఈ అమ్మాయికి మర్యాదగా మాట్లాడితే పడదల్లే ఉందిరా, నువ్వు చూడు" అన్నాడు.

అప్పుడు అందరం నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే, మాట మీద పరిశోధనలు చేసేవాళ్లని ఇన్నేళ్లుగా తిప్పలు పెడుతున్నదంతా ఆ ఒకటిన్నర అక్షరంలోనే ఉందనిపించింది. యంత్రం చేత మాట పలికించడం ఒక విద్య. పాడే గొంతులో ఏం జరుగుతోందో కొలవడం ఇంకో విద్య. మనిషితో సంభాషణ నడపడం మూడోది. పుస్తకాల్లో వీటికి వేరువేరు అధ్యాయాలుంటాయి. కానీ సరిగ్గా "ఆయ్" అనాలంటే దాన్ని పలకడం రావాలి, ఏ రాగంలో అనాలో తెలియాలి, ఎప్పుడు అనాలో తెలియాలి. గోదావరి జిల్లాల్లో మూడేళ్ల పిల్లాడికి ఈ మూడూ వచ్చు.

పలకడం సంగతి ముందు చూద్దాం. తెలుగు రాసినట్టే పలుకుతామని మనకో గొప్ప. హిందీలో 'రామ' అని రాసి 'రామ్' అంటారు, ఇంగ్లీషు సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటితో పోలిస్తే మన భాష యంత్రానికి చాలా మేలే చేసింది. అయినా పూర్తిగా నమ్మడానికి లేదు. 'పాట'లో దీర్ఘమూ 'వచ్చాడు'లో దీర్ఘమూ ఒకటి కావు. రెండోది 'ఆ'కీ 'ఏ'కీ నడుమ ఎక్కడో పలుకుతుంది, దానికి మన గుణింతంలో గుర్తు లేదు. 'వచ్చేడు' అని రాసేవాళ్లు పట్టుకోవాలని చూసేది ఆ శబ్దాన్నే. 'చాప'లో చకారం వేరు, 'చేప'లో చకారం వేరు. ఇవి కాక అంకెలు. '10-15 బస్తాలు' అని ఉంటే మనం 'పది పదిహేను బస్తాలు' అని చదివేస్తాం. యంత్రానికి అది తీసివేత లెక్కో, అక్టోబరు పదిహేనో, ఇంకేదో ఎవరు చెప్పాలి? 'డా.' కనిపిస్తే డాక్టరనీ, 'రూ.1,725' కనిపిస్తే రూపాయల్ని చివరికి జరిపి 'వెయ్యిన్నీ ఏడు వందల ఇరవై ఐదు రూపాయలు' అనీ చదవడం మనకి వచ్చినంత తేలిగ్గా దానికి రాదు.

గొంతు తయారుచేసే ప్రయత్నం పాతదే. 1791లో వోల్ఫ్‌గాంగ్ వాన్ కెంపెలెన్ అనే ఆయన కొలిమితిత్తిలాంటి తిత్తిని ఊపిరితిత్తులుగా, పీకని కంఠంగా పెట్టి, చేత్తో నొక్కుతూ మాటలు పలికించిన యంత్రం గురించి ఒక పుస్తకమే రాశాడు. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో 'వోడర్' అనే యంత్రం మాట్లాడింది. హార్మోనియం వాయించినట్టు మీటలు నొక్కి దాన్ని మాట్లాడించడానికి అమ్మాయిలు నెలల తరబడి సాధన చేయాల్సివచ్చింది. ఆ తర్వాత ఒక మనిషి గొంతు గంటల తరబడి రికార్డు చేసి, ముక్కలు కోసి, కావలసినప్పుడు అతికించే పద్ధతి వచ్చింది. ముక్క ఎంత ఉండాలన్నది పెద్ద చర్చ. హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి చెందిన కిశోర్ ప్రహల్లాద్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ బ్లాక్ 2003లో హిందీ మీద పరీక్షించి చూస్తే, విడి ధ్వనుల కన్నా మొత్తం అక్షరాన్ని ముక్కగా తీసుకుంటేనే మాట బాగా వచ్చింది. పలక మీద క కా కి కీ దిద్దినవాళ్లకి ఇందులో ఆశ్చర్యం ఏముంది! 2016లో వేవ్‌నెట్ అనే పద్ధతి వచ్చాక అతుకులేసే పనే పోయింది. సెకనుకి 16 వేల చొప్పున శబ్దపు బిందువుల్ని ఒకదాని వెనక ఒకటి యంత్రమే ఊహించి అల్లుతుంది. మామయ్యని తిప్పలు పెట్టిన ఆ తేనెగొంతు ఈ వంశానిదే.

యంత్రం మాట్లాడటం కళ్లున్నవాళ్లకి సరదా, చూపులేనివాళ్లకి అవసరం. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు 1867లో ఖండవల్లిలో పుట్టారు. చిన్నప్పటినుంచీ రేచీకటి, తర్వాత చూపే పోయింది. అయినా రాజమండ్రిలో ఉండి నాటకాలూ నవలలూ చెప్పి రాయించారు. ఆంధ్రా మిల్టన్ అన్నారు ఆయన్ని. ఆయన ఒక పేజీ చదవాలన్నా పక్కన ఇంకో మనిషి గొంతు కావాలి, ఆ మనిషికి తీరిక ఉండాలి. ఇవాళ చూపులేని విద్యార్థి ఫోనే ఆ పని చేస్తుంది. ఈస్పీక్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, తెలుగు చదువుతుంది. గొంతు వింటే రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంటుంది. అయినా అలాంటి గొంతునే ఇష్టపడేవాళ్లు చూపులేనివాళ్లలో చాలామంది ఉన్నారు. వేగం రెండింతలు మూడింతలు పెంచినా మాట చెదరదు. గొంతు తియ్యదనం కన్నా పేజీ తొందరగా తిరగడం వాళ్లకి ముఖ్యం.

ఇక రాగం. పిలిస్తే పలికే "ఆయ్" కిందకి దిగుతుంది. 'నిజమా!' అనే "ఆయ్" పైకి లేస్తుంది. 'నీ మాటలు నేను నమ్మానులే' అనే ఎటకారపు "ఆ…య్" ఉన్నచోటే సాగి, చివర్లో కాస్త వంకర తిరుగుతుంది. కాగితం మీద మూడూ ఒకటే. తేడా అంతా గొంతు ఎంత ఎత్తులో ఉంది, ఎంతసేపు ఉంది అన్నదాంట్లోనే ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారైన ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లోవాళ్ల "ఆయ్"లు నాలుగు రికార్డు చేసి అందులో వేసి చూడండి. నీలం గీతగా స్వరం కనిపిస్తుంది. ఒక్కో గీత ఒక్కో మనిషి కనుబొమలా ఉంటుంది.

ఆ గీత వెనక ఉన్నది గొంతులోని స్వరతంత్రులు. ఊపిరి తోసుకొస్తుంటే అవి తెరుచుకుని మూసుకుంటాయి. మగవాళ్లకి సెకనుకి సుమారు 120 సార్లు, ఆడవాళ్లకి రెండొందలు దాటి. అవి మూసుకునే క్షణాల్ని కచ్చితంగా పట్టుకోగలిగితే గొంతు గుట్టు సగం తెలిసినట్టే. కానీ నోరూ ముక్కూ నాలుకా కలిసి, అవి మూసుకున్నప్పుడు పుట్టే దెబ్బని ఎన్నో రకాలుగా మార్చేశాకే అది బయటికి వస్తుంది. మన దేశంలో మాట మీద పరిశోధనకి పెద్దదిక్కులాంటివారు ఆచార్య బి. యజ్ఞనారాయణ. 1961లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీయస్సీ, తర్వాత బెంగుళూరు ఐఐఎస్సీ, 1980 నుంచి 2006 దాకా మద్రాసు ఐఐటీ, ఆ తర్వాత హైదరాబాదు ట్రిపుల్ ఐటీ. ఆయనా కె. శ్రీరామమూర్తీ కలిసి 2008లో ఒక పద్ధతి ప్రకటించారు. నోరు చేసే మార్పులన్నీ సెకనుకి కొన్ని వందల కంపనాలకి పైనే ఉంటాయి. అందుకని వాళ్లు సున్నా కంపనాల దగ్గర చెవి పెట్టారు. కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం జరుగుతుంటే దూరంగా చేలగట్టు మీద నిలబడ్డవాడికి సన్నాయి వినపడదు, మాటలు వినపడవు, డోలు దెబ్బ ఒక్కటే వినపడుతుంది. దాదాపు ఆ యుక్తే. పై హంగులన్నీ రాలిపోయి దెబ్బ మిగులుతుంది, ఆ దెబ్బే స్వరతంత్రులు మూసుకున్న క్షణం.

ఆ దారిలోనే యజ్ఞనారాయణా వినయ్ కుమార్ మిట్టలూ 2015లో జపాను 'నో' నాటకాల గాత్రాన్ని పరీక్షించారు. ఆ గాయకులు భావం కోసం కావాలనే గొంతు క్రమాన్ని తప్పిస్తారు, గరగర తెప్పిస్తారు. హైదరాబాదులో కూర్చుని జపాను గొంతుల్ని కొలవగలిగినప్పుడు, కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యం చివర రాగం తీసి తీసి గొంతు జీరబోయే చోటుని ఎవరైనా కొలిస్తే బాగుండునని నాకో ఆశ. ఆ రాగాలకి రాత్రంతా చలిలో కూర్చున్న జనం ఎక్కడ చప్పట్లు కొట్టేవారో, ఎందుకు కొట్టేవారో ఆ గీతలో కనపడాలి మరి.

పాటకి వస్తే పని ఇంకా చిక్కు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో కోనసీమ శంకరగుప్తంలో పుట్టారు. మూడు స్థాయిల్లో అవలీలగా తిరిగే గొంతు. అలాంటి గాత్రంలో తోడి గాంధారాన్ని యంత్రం ముందు పెడితే అది వెతికే చోట స్వరం దొరకదు. ఆ గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది, ఆ ఊగడమే గాంధారం. పియానో మెట్లు కొలవడానికి పుట్టిన లెక్కలు ఇక్కడ పనికిరావు. 2011లో బార్సిలోనాలో జేవియర్ సెర్రా మొదలుపెట్టిన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టులో మద్రాసు ఐఐటీ నుంచి హేమా మూర్తి బృందం కర్ణాటక సంగీతం మీద పనిచేసింది. వాళ్లకి ఎదురైన మొదటి ప్రశ్న మన గురువులు పాఠం మొదలుపెట్టేదే. శ్రుతి ఏది? ఒకరు ఒకటి శ్రుతిలో పాడతారు, ఇంకొకరు అయిదున్నరలో. ఆధార షడ్జం తెలియకుండా ఫలానా స్వరం అనడానికే లేదు. తంబురా నాదాన్నీ స్వరాల పంపకాన్నీ బట్టి ముందు షడ్జం పట్టుకుని, ఆ తర్వాతే రాగం జోలికి వెళ్లారు. మాట్లాడే మాటకీ ఇదే వర్తిస్తుంది. మామయ్య "ఆయ్" పైకి లేచిందా దిగిందా అని తేల్చాలంటే మామయ్య షడ్జం ఎక్కడుందో తెలియాలి.

యంత్రం పాడటం మాత్రం ఎప్పుడో మొదలైంది. 1961లో బెల్ లాబ్స్‌లో ఐబీఎం 704 కంప్యూటరు 'డైసీ బెల్' పాడింది. ఇప్పుడు పోయినవాళ్ల చేతా పాడిస్తున్నారు. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతుని కృత్రిమ మేధతో వాడారని, తమని అడగలేదని మరుసటేడు ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది. ఆ రోజుల్లోనే సంగీత దర్శకుడు రెహమాన్ 'లాల్ సలామ్' సినిమాలో ఇద్దరు దివంగత గాయకుల గొంతులు వాడారు, కుటుంబాల్ని అడిగి, ప్రతిఫలం ఇచ్చి వాడామన్నారు. పొలం గట్టుకే తగువులు తెగని చోట గొంతు గట్టు ఎవరు పాతుతారో చూడాలి.

మూడోది సంభాషణ. 2011 ప్రాంతంలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్లు రైతుల కోసం తెలుగులో ఒక ఫోన్ వ్యవస్థ తయారుచేశారు. ఆరు భారతీయ భాషల్లో జరిగిన పనిలో అదొక భాగం. రైతు ఫోన్ చేస్తే పంట పేరూ జిల్లా పేరూ అడిగి మార్కెట్ ధర చెప్పేది. వినడానికి ఎంత చిన్న పనిలా ఉంది! మాట వినాలి, అక్షరాలుగా మార్చాలి, అందులోంచి పంటనీ జిల్లానీ ఏరాలి, అనుమానముంటే 'మీరన్నది వరేనా?' అని అడగాలి, ధర వెతకాలి, పలకాలి. వెనకాల ట్రాక్టరు మోత, కాకుల గోల. ఒక్క వరినే ఒకరు వరి అంటారు, ఒకరు ధాన్యం అంటారు, ఒకరు వడ్లంటారు.

అంతా సరిగ్గా వినపడినా లెక్క కుదరకపోవచ్చు. ప్రభుత్వ ధరలు క్వింటాలుకి ఉంటాయి. డెల్టాలో రైతు మనసులో ఉండేది 75 కిలోల బస్తా. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,300 రూపాయలు. మన రైతుకి అది బస్తా 1,725. 'రెండు వేల మూడొందలు' అని యంత్రం చెబితే బస్తాకే అనుకుని సంబరపడిపోయేవాడూ ఉంటాడు. అంబాజీపేటలో కొబ్బరికాయ ధర వెయ్యి కాయలకి చెబుతారు. ఇవి భాషాశాస్త్రంలో లేవు, సంతలో ఉన్నాయి.

మళ్లీ "ఆయ్" దగ్గరికి వద్దాం. ఎదుటివాడు మాట్లాడుతుండగా మాట తన వైపు లాక్కోకుండా వేసే ఇలాంటి పలుకులకి 1970లో విక్టర్ ఇంగ్వే అనే భాషావేత్త ఇంగ్లీషులో పేరు పెట్టాడు. జపానువాళ్లు వీటిని ఐజుచి అంటారు. మనకి ఊకొట్టడం అన్న మాట ఎప్పటినుంచో ఉంది, అదీ కథ చెప్పేవాళ్ల దగ్గర ఎక్కువగా వినపడే మాట. ఊకొట్టకపోతే అమ్మమ్మ కథ ఆపేసి 'పడుకున్నావా?' అనేది. పది భాషల్లో సంభాషణలు కొలిచి 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఒకరి ప్రశ్న ముగిసి ఇంకొకరి జవాబు మొదలవడానికి సగటున సెకనులో అయిదో వంతే పడుతోందని తేలింది. అంటే ఎదుటివాడు ముగించబోతున్నాడని మాటనీ రాగాన్నీ బట్టి ముందే పసిగట్టి, అందుకోవడానికి సిద్ధంగా ఉంటామన్నమాట. ఫోన్లోని మామూలు యంత్రానికి అలా పసిగట్టడం రాదు. అర సెకనో సెకనో నిశ్శబ్దం వస్తే మీ వంతు అయిపోయిందనుకుంటుంది. తను మాట్లాడేటప్పుడు మీ వైపు నుంచి చప్పుడొస్తే మీరు అడ్డొచ్చారనుకుని నోరు మూసుకుంటుంది. తొందరపడేవాళ్ల కోసం పెట్టిన ఆ సదుపాయమే మర్యాదస్తుడికి ముళ్లకంపైంది.

2018లో గూగుల్ డూప్లెక్స్ ప్రదర్శనలో యంత్రం మధ్యలో 'ఊఁ' అంటే చూస్తున్న జనమంతా నవ్వేశారు. 2024లో పారిస్‌లోని క్యూతాయ్ ప్రయోగశాల 'మోషీ'ని బయటపెట్టింది. అది వింటూనే మాట్లాడుతుంది, మాట్లాడుతూనే వింటుంది. అంటే మన వీధి అరుగు మీది మనుషుల్లా. అది నేర్చుకున్నది ఇంగ్లీషు మాటల్లోంచి. కోనసీమ యాసలో ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుకునే రికార్డింగులు వేల గంటలు పోగుపడితే గానీ అది "ఆయ్"కి ఆగకుండా సాగిపోవడం నేర్చుకోదు. స్టూడియోలో కూర్చోబెట్టి వాక్యాలు చదివిస్తే ఒక్క "ఆయ్" కూడా పడదు.

మామయ్య ఈలోగా కిటుకు కనిపెట్టాడు. యంత్రం ఎత్తిందని తెలియగానే పెదాలు బిగబట్టి, తల మాత్రం ఊపుతూ, అది ముగించేదాకా వింటాడు. మొన్న అలాగే వింటుంటే అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "ఎవరండీ ఫోన్లో? గొడవేవన్నా అయిందా?" అంది.