కొన్న కారును ఉంచుకొనుటయా, అమ్ముటయా?

పూర్వము కృష్ణా డెల్టాలో ఎడ్ల జతను కొన్న రైతు మరుసటి సంతకే వానిని తోలుకొని వచ్చినచో, బేరగాండ్రు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "కొన్న నెలకే అమ్ముచున్నావేమి? ఏమి లోపమున్నది?" ఎద్దులకు ఏ లోపమును లేకపోవచ్చును. ఇంట పెండ్లి కుదిరి డబ్బు అవసరపడియుండవచ్చును. అయినను బేరగాడు నమ్మడు. ధర తగ్గించియే అడుగును. నేడు ఎడ్ల స్థానమున కార్లు వచ్చినవి. ఆ ప్రశ్న మాత్రము మారలేదు. గడచిన సంవత్సరము మేమును దానికి జవాబు చెప్పుకొనవలసి వచ్చినది. మా అనుభవము మరికొన్ని కుటుంబములకు పనికివచ్చునని తలచి ఇచట వివరించుచున్నాము.

మేము గన్నవరము వాసులము. 2025 శ్రావణ మాసమున, ఆగస్టు రెండవ వారములో, ఒక హైబ్రిడ్ కారు కొంటిమి. షోరూము ధర 20 లక్షలు. జీవిత పన్ను, బీమా, రిజిస్ట్రేషను అన్నియు కలిపి 24 లక్షలైనది. అందులో 15 లక్షలు బ్యాంకు అప్పు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు త్రొక్కించి బండిని ఇంటికి తెచ్చిన కొలది దినములకే, ఆగస్టు 15న, ప్రధానమంత్రి ఎర్రకోటనుండి వస్తు సేవల పన్నును సంస్కరింపనున్నామని ప్రకటించిరి. సెప్టెంబరు 3న పన్నుల మండలి క్రొత్త రేట్లను నిర్ణయించెను. సెప్టెంబరు 22న, దసరా నవరాత్రుల మొదటి దినమున, అవి అమలులోనికి వచ్చెను. మా తరగతి హైబ్రిడ్ కార్లపై సెస్సుతో కలిపి 43 శాతముగానున్న పన్ను 40 శాతమైనది. చిన్న పెట్రోలు కార్లపై 29 శాతముండినది 18కి దిగినది. విద్యుత్ కార్లపై నుండిన 5 శాతము అట్లే నిలిచినది.

ఇంటిలో చర్చ మొదలైనది. నెల ఆగినచో సుమారు 42 వేలు మిగిలియుండునని ఒకరు. చిన్న కారు కొన్నచో ఇంకను లాభము కలిగెడిదని మరియొకరు. త్వరలో గోడ ప్లగ్గుతో ఛార్జి చేయు హైబ్రిడ్‌లు విరివిగా వచ్చును, అప్పుడు దీనినెవరడుగుదురని ఇంకొకరు. "అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల" యని పెద్దలు. ఇన్నింటి నడుమ అసలు బరువు వేరొకటి ఉండెను. బ్యాంకు వాయిదా నెలకు 31 వేల పైచిలుకు. మా అమ్మాయి ఆ సంవత్సరమే ఇంజనీరింగులో చేరినది.

మొదట 42 వేల సంగతి విచారింతము. ఆ సొమ్ము పోయినమాట నిజమే. బండిని ఉంచుకొన్నను అది తిరిగి రాదు. అమ్మినను తిరిగి రాదు. రెండు దారులలోను సమానముగానున్న నష్టము ఏ దారి పట్టవలెనో చెప్పజాలదు. నీరు పోయిన పిదప గట్టు వేయుటను మన పెద్దలు గతజల సేతుబంధనమనిరి. వరదకు గండి పడిన కాలువ గట్టును చూచిన మన ప్రాంతమువారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. కొన్న ధరను, తరువాత తగ్గిన పన్నును లెక్కలోనుండి తీసివేసి, నేడు చేతిలోనున్నదేమి, ఇకముందు అయ్యెడి ఖర్చేమి అని చూచుటయే సరియైన పద్ధతి.

నేడు చేతిలోనున్నది కారు. అనగా సంతలో దాని ధర. ఈ ధర మొదటి నెలలలోనే ఏల అంతగా పడిపోవును? జీవిత పన్ను ఒకసారి చెల్లించినచో రాష్ట్రములోనే చేతులు మారినంతకాలము కొన్నవారు మరల చెల్లింపనక్కరలేదు. అయినను మనము చెల్లించిన పన్నును పూర్తిగా మనకు తిరిగి ఇచ్చువారెవరును లేరు. ఇది ఒక కారణము. రెండవది ఎడ్ల సంతలోని అనుమానమే. జార్జి ఎకర్లాఫ్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు 1970లో ప్రకటించిన వ్యాసమున పాత కార్ల సంతనే ఉదాహరణముగా తీసికొనెను. బండి గుణము అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. కావున కొనువాడు చెడ్డ బండికి కూడ సరిపడునట్లు ధర తగ్గించి అడుగును. అందువలన మంచి బండ్లవారు సంతకు రారు అని ఆయన వాదము. ఈ తీరు విచారములకే 2001లో మరి ఇరువురితోపాటు ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. మా కారుకు ఒక వర్తకుడు 19 లక్షల 50 వేలు చెప్పెను. తెలిసినవారి ద్వారా వచ్చిన ఒక కుటుంబము 20 లక్షల 50 వేలు ఇచ్చెదమనిరి.

ఇక కారు పనితీరు. హైబ్రిడ్ అను మాట మన రైతులకు క్రొత్తది కాదు. హైబ్రిడ్ మొక్కజొన్న రెండు రకముల సంకరము. ఈ కారు రెండు శక్తుల సంకరము. ఇందు పెట్రోలు ఇంజను ఒకటి, బ్యాటరీతో తిరుగు మోటారు ఒకటి ఉండును. మామూలు కారులో బ్రేకు వేసినప్పుడు బండి వేగములోని శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోవును. హైబ్రిడ్‌లో ఆ మోటారే డైనమోగా తిరిగి, ఆ శక్తిలో కొంత భాగమును బ్యాటరీకి చేర్చును. మరల కదలునప్పుడు ఆ విద్యుత్తే బండిని తోయును. కావున బెంజి సర్కిలు వంటి చోట్ల, ఆగుచు సాగుచు పోవు దారిలో దీని పొదుపు ఎక్కువ. జాతీయ రహదారిపై ఏకధాటిగా పోవునప్పుడు బ్రేకుతో పని తక్కువ; కావున పొదుపును తక్కువ. మా ప్రయాణములో హెచ్చు భాగము రహదారిపైననే. ఏలూరు వైపు పోయినను, హైదరాబాదు పోయినను అంతే. మాకు సగటున లీటరుకు 17 కిలోమీటర్లు వచ్చినది.

ఇట్టి కార్లలో టొయోటా ప్రియస్ 1997లో జపానున అమ్మకమునకు వచ్చెను. గోడ ప్లగ్గుతో ఛార్జి చేయు రకము పెద్దయెత్తున తయారగుట 2008లో చైనాలో బి.వై.డి. సంస్థతో మొదలయ్యెను. మన దేశమునకు 2015లో బి.ఎం.డబ్ల్యు. ఐ8, 2016లో వోల్వో ఎక్స్‌సి90 ఆ రకమున వచ్చినవి. వాని ధరలు కోటి రూపాయలకు మించినవి గనుక మన ప్రాంతమున అవి అరుదు. ప్లగ్గు లేని హైబ్రిడ్‌లో చిన్న బ్యాటరీ ఉండును. దానిని ఇంజను, బ్రేకులే నింపును. ప్లగ్గున్నదానిలో బ్యాటరీ అంతకు పలు రెట్లు పెద్దది. ఒకసారి నింపినచో పెట్రోలు ముట్టకయే 60, 70 కిలోమీటర్లు పోగల బండ్లు కలవు.

ప్లగ్గు రకము కొరకు వేచియుండవలెనా అను ప్రశ్నకు మాకు జవాబు డల్లాసునుండి వచ్చినది. అచటనున్న మా మేనల్లుడు అట్టి కారునే కొని, తానును అమ్మదలచుచున్నానని ఫోనులో చెప్పెను. కారణమడుగగా, అతడుండు అపార్టుమెంటులో ప్లగ్గు లేదు. నింపని పెద్ద బ్యాటరీ ప్రయాణమంతయు మోయవలసిన బరువే గదా! ఇది అతనియొక్కని కథ కాదు. 2021లో రిజిస్టరైన కార్లలోని కొలత పరికరములను పరిశీలించి యూరోపియన్ కమిషన్ 2024లో ఒక నివేదిక ప్రకటించెను. ప్లగ్గు హైబ్రిడ్‌లు రోడ్డుపై వెలువరించిన కార్బన్ డయాక్సైడు, పరీక్షాశాలలో చూపినదానికి సుమారు మూడున్నర రెట్లని అందు తేలినది. అనుకొన్నంత తరచుగా వానిని ఛార్జి చేయకపోవుటయే అందులకు ముఖ్య కారణము.

గన్నవరములో సొంత ఇల్లు, వాకిట ప్లగ్గు ఉన్నవారికి లెక్క వేరుగ నుండును. నెలకు 1,000 కిలోమీటర్లు పోవుటకు సుమారు 200 యూనిట్లు పట్టుననుకొందము. అప్పటికే 300 యూనిట్లు వాడు ఇంట ఇది పై శ్లాబులలో పడును. 2025–26 పట్టిక ప్రకారము 400 యూనిట్లవరకు 8 రూపాయల 75 పైసలు, ఆ పైన 9 రూపాయల 75 పైసలు. అనగా నెలకు 1,850 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు అదనము. అదే దూరమునకు లీటరు 110 చొప్పున మా కారుకు పెట్రోలు ఖర్చు సుమారు 6,470 రూపాయలు. ప్లగ్గు విలువ దానిని ప్రతి రాత్రి తగిలించుటలో ఉన్నది. మా మేనల్లుడు తన ఆఫీసు పార్కింగులో ఛార్జి చేయు వసతి యున్నదని తెలిసికొని, అమ్మకము మానుకొనెను.

మా సంగతికి వత్తము. మేము సంవత్సరమునకు 12,000 కిలోమీటర్లు తిరుగుదుము. హైబ్రిడ్‌ను అమ్మి, అంతే పెద్దదైన మామూలు పెట్రోలు కారు కొన్నచో లీటరుకు 12 కిలోమీటర్లే వచ్చును. పెట్రోలుకు ఏటా 32 వేలు అదనమగును. ఆ కారును సుమారు 20 లక్షలే గనుక చేతికి మిగులునదేమియు లేదు. అట్టి మార్పు అవివేకము. మరి చిన్న కారు? నలుగురికి చాలిన పెట్రోలు కారు అన్ని ఖర్చులతో 10 లక్షల 50 వేలకు వచ్చును. లీటరుకు 15 కిలోమీటర్లు పోవును. పెట్రోలుకు ఏటా అదనము 10 వేలు మాత్రమే. అయిదేండ్లకు 50 వేలు.

మరొక ప్రక్క చూడుడు. 10 లక్షల అప్పు వెంటనే తీరును. 9 శాతము వడ్డీపై అయిదేండ్లలో ఆ భాగమునకు కట్టవలసిన వడ్డీయే సుమారు 2 లక్షల 45 వేలు. నెల వాయిదా 31 వేలనుండి 10 వేల చిల్లరకు దిగును. ముందుగా అప్పు తీర్చినందులకు బ్యాంకు తీసికొను రుసుము ఇందులో తగ్గించుకొనవలెను. అయిదేండ్లలో పెద్ద కారు విలువ 20 లక్షల 50 వేలనుండి 11 లక్షలకు, చిన్న కారు విలువ 10 లక్షల 50 వేలనుండి 5 లక్షలకు తగ్గునని మా అంచనా. అరుగుదలలోనే భేదము 4 లక్షలు. పెట్రోలు అదనమును తీసివేసినను లాభము సుమారు 5 లక్షల 90 వేలు. ఈ లెక్క పూర్తియైన పిదపనే మాకు తెలిసినది: మమ్ము బాధించినది పన్ను కాదు, మైలేజీ కాదు, మా అవసరమునకు మించిన బండిని అప్పుచేసి కొనుట.

నవంబరులో కారును అమ్మితిమి. కొన్న కుటుంబము విజయవాడ నగరములోనే దినమునకు 60 కిలోమీటర్లు తిరుగువారు. ఆగి సాగు ఆ దారిలో హైబ్రిడ్ పొదుపు మాకన్న వారికే ఎక్కువ అక్కరకు వచ్చును. తయారీదారు ఇచ్చిన బ్యాటరీ హామీ బండి వెంట పోవునా లేదా యని వారు ముందే పత్రము చదివి చూచుకొనిరి. అది మెచ్చదగిన జాగ్రత్త.

అమ్మువారికి కూడ కొన్ని జాగ్రత్తలు కలవు. తాళములిచ్చి డబ్బు తీసికొన్నంతమాత్రమున పని ముగియలేదు. 1988 మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము రాష్ట్రములోనే అమ్మినప్పుడు, అమ్మినవారు 14 దినములలో, కొన్నవారు 30 దినములలో రవాణా శాఖకు తెలుపవలెను. అందులకు 29, 30 నంబరు ఫారములు. అప్పు తీరినదని బ్యాంకువారి పత్రముతో 35వ ఫారము. పేరు మారనంతకాలము రికార్డులోనున్నవాడే యజమాని యని, ప్రమాదము జరిగినచో నష్టపరిహారపు బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బీమాను 14 దినములలో కొన్నవారి పేరున మార్పించవలెను. క్లెయిము లేనందున లభించు తగ్గింపు మాత్రము బండిది కాదు, యజమానిది. ఆ పత్రము అడిగి తీసికొనవలెను. ఫాస్టాగును రద్దు చేయించనిచో, వేరొకరు పొట్టిపాడు టోలుగేటు దాటినప్పుడు మన ఖాతాలో సొమ్ము తగ్గును.

మావలె ఆలోచనలోనున్నవారు ఒక కాగితముపై నాలుగు అంకెలు వ్రాసికొనవలెనని మా మనవి: నేడు బండికి నిజముగా ఇచ్చెదమన్న ధర, మిగిలిన అప్పు, సంవత్సరమునకు తిరుగు దూరము, బదులుగా కొనదలచిన బండి ధర. ప్లగ్గు బండియైనచో అయిదవది: గడచిన నెలలో దానిని ఎన్ని రాత్రులు ఛార్జి చేసితిమి? కొన్న ధరను మాత్రము ఆ కాగితముపై వ్రాయరాదు. మేము పోగొట్టుకొన్నది మూడున్నర లక్షలు. అది మా తొందరపాటునకు చెల్లించిన రుసుము. అమ్మాయి రెండవ సంవత్సరపు ఫీజునకు మాత్రము అప్పు చేయనక్కరలేదు.